అందరూ అదే వాడుతున్నారు కాబట్టే భయం: కంప్యూటర్ వ్యవస్థల కొనుగోలుకు సంతకం పెట్టే అధికారులకు బహిరంగ లేఖ

ఆసుపత్రులు, బ్యాంకులు, రవాణా సంస్థలు, ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ వ్యవస్థలు ఏవి కొనాలో నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

నేను ఒక పెద్ద ఆసుపత్రిలో సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగిని. అన్ని సంస్థలూ ఒకే రకం కంప్యూటర్ వ్యవస్థల మీద ఆధారపడటం ప్రమాదమన్నదే ఈ ఉత్తరం. ఈ విషయాన్నే ముందు ఆఫీసు పద్ధతిలో నోట్‌గా పెట్టాం, నేనూ నాతో పనిచేసేవాళ్లూ కలిసి. ఆ ఫైలు అన్ని టేబుళ్లూ తిరిగి ఒక్క వాక్యం రాయించుకుని వెనక్కి వచ్చింది: "అందరూ ఇదే వాడుతున్నారు, మనం మాత్రం వేరేగా ఎందుకు?" మళ్లీ రాస్తే ఆ మాత్రం జవాబు కూడా రాలేదు. వేరే సంస్థల్లో ఇదే పని చేసే స్నేహితులను అడిగితే వాళ్లకూ దాదాపు ఇలాగే జరిగిందని చెప్పారు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మీకు పని తెలియదని అనడం నా ఉద్దేశం కాదు. బడ్జెట్, ఆడిట్ అభ్యంతరాలు, టెండర్ నిబంధనల మధ్య మీరెంత నలిగిపోతారో దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. కానీ ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం మీతో ఒప్పుకోలేను. అందరూ అదే వాడుతున్నారన్న మాట మీకు ధైర్యం ఇస్తోంది. మాకు టెన్షన్ పెట్టేదే ఆ మాట.

సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయి. ఎంత గొప్ప కంపెనీ రాసినా ఉంటాయి, దాని గురించి నా ఫిర్యాదేమీ లేదు. పది రకాల వ్యవస్థలు వాడుకలో ఉన్నచోట ఒకదానిలో తప్పు బయటపడితే దాన్ని వాడేవాళ్లు ఇబ్బంది పడతారు, మిగతావాళ్లు వాళ్లకు సాయం చేస్తారు. అందరి దగ్గరా విండోస్ లాంటి ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద ఒకే సెక్యూరిటీ ప్రోగ్రామ్, వెనకాల ఒకే క్లౌడ్ (పెద్ద కంపెనీ అద్దెకిచ్చే సర్వర్లు) ఉన్నప్పుడు తప్పు ఒక్కటే అయినా దెబ్బ అందరికీ ఒకే నిమిషంలో తగులుతుంది. సాయం చేయడానికి నిలబడి ఉన్నవాళ్లు ఎవరూ మిగలరు. ఇదేదో ఊహించి చెబుతున్నది కాదు, ఇప్పటికే జరిగినవి కింద రాస్తున్నాను.

1. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన ఫాల్కన్ ప్రోగ్రామ్‌కి ఒక చిన్న అప్‌డేట్ పంపింది. గ్రీనిచ్ టైమ్ ప్రకారం తెల్లవారుజామున 4 గంటల 9 నిమిషాలకు అది బయల్దేరింది, 5 గంటల 27 నిమిషాలకు వెనక్కి తీసుకున్నారు. మధ్యలో ఉన్నది 78 నిమిషాలు. ఆలోపు దాన్ని అందుకున్న విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్ చూపించి ఆగిపోయాయి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే బ్లూ స్క్రీన్. విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అలా పడిపోయినవి 85 లక్షల మెషీన్లు. కారణాన్ని తర్వాత క్రౌడ్‌స్ట్రైకే బయటపెట్టింది. కొత్త ఫైలు 21 విలువలు వస్తాయని ఆశించింది, ప్రోగ్రామ్ ఇచ్చేది 20. లేని 21వ విలువను చదవబోయి అది కుప్పకూలింది. ఆ భాగం నడిచేది ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పొర అయిన కెర్నల్‌లో కాబట్టి తనతోపాటు మొత్తం మెషీన్‌నే పడేసింది.

ఆ 85 లక్షలు ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో ఒక శాతం కన్నా తక్కువేనని కూడా మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ మాట విని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, నాకు మాత్రం అందులో ధైర్యం చెప్పే విషయమేదీ కనబడలేదు. ఎందుకంటే ఆ ఒక్క శాతం ఉన్నది ఎయిర్‌పోర్టు కౌంటర్ల మీద, ఆసుపత్రి వార్డుల్లో, బ్యాంకుల్లో, ఎమర్జెన్సీ కాల్ సెంటర్లలో. ఇళ్లలో పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఖర్చు పెట్టి, జాగ్రత్తపడి, మార్కెట్లో పేరున్న సెక్యూరిటీ ప్రోగ్రామ్ కొనుక్కున్న సంస్థలే పడిపోయాయి.

ఇంకో సంగతి, ఇది మీరు తప్పకుండా తెలుసుకోవాలి. కొత్త వెర్షన్ రాగానే వేసుకోకుండా ఒక వెర్షన్ వెనకాలే ఉండేలా చాలా సంస్థలు సెట్టింగ్ పెట్టుకున్నాయి. ఆ రోజు ఆ జాగ్రత్త ఎందుకూ పనికిరాలేదు. ఆ సెట్టింగ్ ప్రోగ్రామ్ వెర్షన్‌కే వర్తిస్తుంది, ఆ రోజు వచ్చినలాంటి కంటెంట్ ఫైళ్లకు (కొత్త దాడులను గుర్తుపట్టడానికి పంపేవి) వర్తించదు, ఇవి అందరికీ ఒకేసారి వెళ్లిపోయేవి. అంటే డబ్బు కట్టి కొన్నవాళ్ల చేతిలో బ్రేకు లేదు, ఉందని మాత్రం వాళ్లు అనుకున్నారు. ఆ ఘటన తర్వాత కంపెనీ విడతలవారీగా పంపడం మొదలుపెట్టి, వాడేవాళ్లకూ కొంత నియంత్రణ ఇచ్చింది. అంత నష్టం జరిగాక వచ్చిన మార్పు అది. ఏ కొనుగోలు ఒప్పందంలోనైనా ముందే ఒక్క లైను రాయించి ఉంటే నష్టానికి ముందే వచ్చేది.

బాగుచేయడం ఎలా జరిగిందో కూడా చెప్పాలి. మెషీనే లేవడం లేదు కాబట్టి దూరం నుంచి చేయగలిగింది చాలా తక్కువ. మనిషి వెళ్లాలి, సేఫ్ మోడ్‌లోకి తేవాలి, ఆ ఒక్క ఫైలు వెతికి తీసేయాలి, రీస్టార్ట్ చేయాలి, పక్క మెషీన్‌కి వెళ్లాలి. డిస్కులోని సమాచారాన్ని కీ లేనిదే చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, అంటే భద్రతా నియమాలు బుద్ధిగా పాటించి ఉంటే, ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలన్నీ దాచిపెట్టిన సర్వర్ కూడా అదే విండోస్, దానిమీదా అదే సెక్యూరిటీ ప్రోగ్రామ్ ఉన్నచోట పరిస్థితి ఊహించండి. ఒకరు ఫోన్‌లో అంకెలు చదువుతుంటే ఇంకొకరు స్టూలెక్కి గోడకు బిగించిన డిస్‌ప్లే వెనకాల కీబోర్డు తగిలించి కొడతారు, మధ్యలో ఒక్క అంకె తప్పితే మళ్లీ మొదటి నుంచి. వేల మెషీన్లున్న సంస్థల్లో ఈ పని చేయడానికి ఉండేది గుప్పెడు మంది. మీరు కొనుగోలు ఖర్చు లెక్కేసినప్పుడు ఈ మనుషుల సంఖ్య ఏ కాలమ్‌లోనూ ఉండదు.

2. పక్కవాడి సాయం కూడా పోతుంది. మామూలు విపత్తులో ఒక ఆసుపత్రికి కరెంటు పోతే రోగులను పక్క ఆసుపత్రికి పంపుతారు. ఒక విమానయాన సంస్థకు ఇబ్బంది వస్తే ప్రయాణికులను ఇంకో సంస్థ ఎక్కించుకుంటుంది. అందరూ ఒకే వ్యవస్థ మీద ఉన్నప్పుడు ఆ పక్క తలుపు కూడా మూసే ఉంటుంది. ఆ జులై రోజున అమెరికాలోని అలాస్కాలో 911 ఎమర్జెన్సీ కాల్స్‌కి అంతరాయం కలిగింది. పలు దేశాల్లో ఆసుపత్రులు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేశాయి. డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక్కటే ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసింది, మెషీన్లు లేచాక కూడా ఏ సిబ్బంది ఎక్కడున్నారో చూసే సాఫ్ట్‌వేర్ కోలుకోలేకపోయింది. రద్దయిన విమానాల సంఖ్య వార్తల్లో ఒక్క లైను. ఎయిర్‌పోర్టు నేల మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకున్న ముసలివాళ్లకు, ఆఖరి చూపు కోసం బయల్దేరి అందుకోలేకపోయినవాళ్లకు అది ఒక్క లైను వ్యవహారం కాదు. "అత్యవసరం కాని" ఆపరేషన్ అన్న మాట కూడా మన రికార్డుల్లోదే. నెలల తరబడి నొప్పి భరిస్తూ ఆ తేదీ కోసం ఎదురుచూసినవాళ్లు దాన్ని అలా అనుకోరు.

3. మీరు బ్యాకప్ అంటున్నది చాలాచోట్ల బ్యాకప్ కాదు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మాట ఎత్తినప్పుడల్లా మాకు ఎదురయ్యే ప్రశ్నల్లో ముఖ్యమైంది ఇదే: "స్టాండ్‌బై సర్వర్ ఉంది కదా, ఇంకేం కావాలి?"

1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి ఎగిరి, సుమారు 40 సెకన్లలో పేలిపోయింది. దారి లెక్కించే పరికరంలో ఒక పెద్ద సంఖ్యను 16 బిట్ల చిన్న గడిలో పెట్టబోతే పట్టలేదు, ప్రోగ్రామ్ ఆగిపోయింది. దానికి స్టాండ్‌బై ఉంది. అదే హార్డ్‌వేర్, అదే సాఫ్ట్‌వేర్. కాబట్టి అదీ అదే సంఖ్య దగ్గర, సెకనులో పదో వంతు కూడా లేని తేడాతో అసలు దానికంటే ముందే ఆగిపోయింది. ఇంటికి రెండు తాళాలు వేసి రెండింటికీ ఒకే తాళంచెవి పెట్టుకున్నట్టు ఉంటుంది ఇలాంటి స్టాండ్‌బై. ఒక డిస్కు పాడైతేనో, ఒక సర్వర్ కాలిపోతేనో అది ఆదుకుంటుంది, ప్రోగ్రామ్‌లోనే తప్పుంటే ఆదుకోదు.

మెర్స్క్ అనే ఓడల రవాణా సంస్థకు 2017 జూన్ 27న ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా వచ్చిన నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రామ్) ఆ సంస్థ నెట్‌వర్క్ మొత్తాన్ని తినేసింది. 45,000 పీసీలు, 4,000 సర్వర్లు మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 30 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని సంస్థే చెప్పింది. ఎవరు ఏ మెషీన్‌లోకి వెళ్లొచ్చో నిర్ణయించే డొమైన్ కంట్రోలర్లు వాళ్లకు ప్రపంచమంతటా వంద పైచిలుకు ఉన్నాయి, ఒకదానికి ఇంకొకటి బ్యాకప్. ఒకటి పోతే మిగతావి ఉంటాయన్న ధీమా. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోతాయని ఎవరూ ప్లాన్ చేయలేదు. చివరికి ఘానాలోని ఆఫీసులో ఒక్కటి మిగిలింది, దాడి సమయానికి అక్కడ కరెంటు లేక ఆ మెషీన్ నెట్‌వర్క్‌లో లేకపోవడం వల్ల. అంత పెద్ద సంస్థను నిలబెట్టింది ఒక కరెంటు కోత. మన సంస్థలు కూడా అలాంటి అదృష్టం మీదే నడవాలా?

దీన్ని సరిగ్గా చేసినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా స్పేస్ షటిల్‌లో ఐదు కంప్యూటర్లు ఉండేవి. నాలుగింటిలో ఒకే సాఫ్ట్‌వేర్, ఐదో దానిలో మాత్రం వేరే కంపెనీ విడిగా రాసిన సాఫ్ట్‌వేర్ పెట్టారు, సరిగ్గా ఈ భయంతోనే. ఇంటర్నెట్‌లో పేర్లను అడ్రసులుగా మార్చే వ్యవస్థకు మూలమైన రూట్ సర్వర్లను 12 వేర్వేరు సంస్థలు నడుపుతాయి, అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఉండకుండా కావాలనే చూసుకుంటారు. ఇది అసాధ్యమని, ఎవరూ చేయరని మాకు చెప్పకండి.

4. పాతబడిన మెషీన్లు, వేయని ప్యాచ్‌లు (లోపాన్ని సరిచేసే అప్‌డేట్లు). 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే మాల్‌వేర్ వచ్చినప్పుడు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు తాళం పడిపోయాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. "మరి రెండు నెలలు ఏం చేశారు?" అని మాలాంటివాళ్లను అడుగుతారు. చెబుతాను. స్కానర్‌తో వచ్చే కంప్యూటర్‌లో మేం ప్యాచ్ వేస్తే స్కానర్ కంపెనీ సపోర్ట్ ఇవ్వనంటుంది, అది పరీక్షించి ఆమోదించిన వెర్షన్ పాతదే. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద నడవదు. కొత్త వెర్షన్ కొనడానికి బడ్జెట్ వచ్చే ఏడాది చూద్దామంటారు. ప్యాచ్ ఇచ్చేది ఒకరు, దాన్ని వేయనివ్వనిది ఇంకొకరు, మధ్యలో సంజాయిషీ రాయాల్సింది మేము. ఈ చిక్కుముడి విప్పగలిగేది కొనేటప్పుడే, సంతకం పెట్టేవాళ్ల చేతిలోనే ఉంది.

ఇంగ్లండ్‌లో ఆ దాడి తగిలింది ప్రభుత్వ ఆరోగ్య సేవలకు. మూడోవంతుకు పైగా ట్రస్టులకు (అక్కడ ఆసుపత్రులను నడిపే ప్రభుత్వ సంస్థలు) ఇబ్బంది కలిగింది, దాదాపు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. ఐదు ప్రాంతాల్లో ఎమర్జెన్సీకి వచ్చే రోగులు ఇంకా దూరంలో ఉన్న ఆసుపత్రులకు వెళ్లాల్సి వచ్చింది. ఆ దాడి చేసినవాళ్లకు ఆసుపత్రుల మీద ప్రత్యేకంగా పగేమీ లేదు. ఆ మాల్‌వేర్ అందరి దగ్గరా ఉన్న ఒకే లోపాన్ని వెతుక్కుంటూ పోయింది, అక్కడ ఆసుపత్రులున్నాయి.

5. ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే ఇది ఆగదు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో చేంజ్ హెల్త్‌కేర్ అనే సంస్థ మీద దాడి జరిగింది. ఆసుపత్రులకూ మందుల షాపులకూ ఇన్సూరెన్స్ కంపెనీలకూ మధ్య బిల్లులు అటూ ఇటూ పంపే సంస్థ అది, ఏడాదికి 1,500 కోట్ల లావాదేవీలు దాని గుండా వెళతాయి. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో ధృవీకరణ పెట్టని ఒక లాగిన్ ద్వారా. బిల్లులు ఆగిపోతే చిన్న క్లినిక్‌లు జీతాలివ్వడానికి అప్పులు చేశాయి, రోగులు ఇన్సూరెన్స్ ఉండి కూడా మందులకు చేతి డబ్బు కట్టుకోవాల్సి వచ్చింది. దాడి చేసినవాళ్లకు ఆ సంస్థ 2.2 కోట్ల డాలర్లు కట్టినా సమాచారం వెనక్కి రాలేదు, దాదాపు 19 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌లోని వర్జీనియా కేంద్రంలో అడ్రసులు చూపే వ్యవస్థలో తప్పు దొర్లితే, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో యాప్‌లు, సేవలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. వాటిని వాడే జనంలో ఎంతమందికి అవన్నీ ఒకేచోట ఉన్నాయని తెలుసు? నిజం చెప్పాలంటే వాటిని నడిపే కంపెనీల్లో కూడా అందరికీ తెలిసి ఉండదు.

6. బేరమాడే శక్తి పోతుంది. 2023లో ఒక హ్యాకర్ల ముఠా లాగిన్ నిజమైనదేనని ధృవీకరించడానికి మైక్రోసాఫ్ట్ వాడే డిజిటల్ సంతకపు కీ ఒకటి సంపాదించి, అమెరికా ప్రభుత్వ శాఖల మెయిళ్లు చదివింది. దాన్ని మొదట పట్టుకున్నది అమెరికా విదేశాంగ శాఖ. ఎలా పట్టుకోగలిగిందంటే, ఎవరు ఎప్పుడు ఏ మెయిల్ తెరిచారో చెప్పే వివరమైన లాగ్‌లు దాని దగ్గర ఉన్నాయి. ఆ లాగ్‌లు అప్పట్లో ఎక్కువ ధర ప్లాన్ కొన్నవాళ్లకే వచ్చేవి. తక్కువ ప్లాన్‌లో ఉన్నవాళ్ల ఇంట్లో దొంగ తిరిగినా వాళ్లకు అడుగుల చప్పుడు కూడా వినబడదన్నమాట. విమర్శలొచ్చాక వాటిని మిగతావాళ్లకూ తెరిచారు. అమెరికా ప్రభుత్వ సమీక్షా బోర్డు ఆ చొరబాటు అసలు జరగకుండా ఆపగలిగిందేనని తేల్చింది. వేరే దారి లేని కొనుగోలుదారు ఇలాంటివి అడిగి సాధించుకోలేడు. వదిలి వెళ్లగలిగినవాడి మాటే వెండర్, అంటే అమ్మే కంపెనీ, వింటుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1988లో మోరిస్ వార్మ్ (తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కు పాకే ప్రోగ్రామ్) అప్పటి చిన్న ఇంటర్నెట్‌లో వేల మెషీన్లను పడేసినప్పుడు, అది ఎక్కగలిగింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కొన్ని రకాల మెషీన్ల మీదే, మిగతావి నిలబడ్డాయి. 2003 జనవరిలో స్లామర్ అనే 376 బైట్ల వార్మ్, ఈ పేరా కంటే చిన్నది, తాను వాడుకున్న లోపం ఉన్న మెషీన్లలో 90 శాతాన్ని 10 నిమిషాల్లో పట్టేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో డాన్ గీర్‌తో సహా ఏడుగురు భద్రతా నిపుణులు, ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద అందరూ ఆధారపడటమే భద్రతకు ముప్పు అని వివరంగా రిపోర్టు రాశారు. రిపోర్టు వచ్చిన వెంటనే గీర్ ఉద్యోగం పోయింది, ఆయన పనిచేసే కంపెనీ ఖాతాదారుల్లో మైక్రోసాఫ్ట్ ఉంది. అప్పటి నుంచి మనం చేసిందల్లా ఇంకాస్త ఎక్కువగా ఒకేచోట చేరడం.

ఇక్కడ మీరు వేసే ప్రశ్నలు నాకు తెలుసు, వాటిలో న్యాయం లేకపోలేదు. రెండు రకాల వ్యవస్థలు పెడితే రెండింటికీ ట్రైనింగ్ కావాలి, రెండింటికీ ప్యాచ్‌లు వేయాలి, ఖర్చు పెరుగుతుంది. ఉన్న ఒక్కదాన్నే సరిగ్గా చూసుకోలేని టీమ్‌కి రెండోది ఇస్తే రెండూ చెడతాయి. ఇది నిజం. అందుకే ప్రతి టేబుల్ మీదా వేరే సిస్టమ్ పెట్టమని నేను అడగడం లేదు. ఏది ఆగితే మనిషి ప్రాణానికో, జీతానికో, పెన్షన్‌కో దెబ్బ తగులుతుందో అక్కడ మాత్రం రెండో దారి ఉండాలంటున్నాను.

విండోస్ వదిలి అందరూ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చదవగలిగే) ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌కి మారిపోతే సరిపోతుందనే మిత్రులకూ ఒక మాట. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది వెబ్‌సైట్లతో జరిగే సంభాషణను రహస్యంగా ఉంచే, ఓపెన్ సోర్స్ అయిన ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌లో, ఇంటర్నెట్‌లో చాలా భాగం దాన్నే వాడుతోంది కాబట్టి అందరూ ఒకేసారి పరుగులు పెట్టారు. 2021 డిసెంబర్‌లో, ప్రోగ్రామ్‌లు తమ పనిని నమోదు చేసుకోవడానికి వాడే లాగ్‌ఫర్‌జే అనే ఓపెన్ సోర్స్ భాగం సంగతీ అంతే. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో (ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) ఎవరో ఓపిగ్గా దూర్చిన దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుకున్నారు, లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానమొచ్చి వెతికితే దొరికింది. ఆయన పట్టించుకోకపోతే అది ప్రపంచంలోని సర్వర్లలో సగానికి పాకేదేమో. ఓపెన్ సోర్స్ కాబట్టే వెతకగలిగారు, అది నేను ఎప్పుడూ మెచ్చుకుంటాను. కానీ ఒక గుత్తాధిపత్యాన్ని తీసి అక్కడ ఇంకొకదాన్ని పెడితే ఈ సమస్య తీరదు.

మేము అడుగుతున్నవి ఇవి. ఏదీ ఆకాశంలోంచి ఊడిపడింది కాదు, మీ సంతకంతో అయ్యేవే.

1. ప్రతి ముఖ్యమైన సేవకూ ఒక పట్టిక తయారు చేయించండి: కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ సెక్యూరిటీ ప్రోగ్రామ్, ఏ క్లౌడ్, ఏ లాగిన్ వ్యవస్థ, ఏ నెట్‌వర్క్ ఉందో. ఒకే పేరు అన్ని వరుసల్లో కనిపిస్తే అది ఆగినరోజు ఏం చేస్తారో పక్కన రాయించండి. మా దగ్గర ఈ పట్టిక మేమే సొంతంగా వేసుకున్నాం, కొన్ని వరుసల పక్కన ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

2. అప్‌డేట్ల మీద బ్రేకు మన చేతిలో ఉండాలి. ఏ రకం అప్‌డేట్ అయినా, కంటెంట్ ఫైలైనా సరే, ముందు కొన్ని మెషీన్లకు, అవి నిలబడ్డాకే మిగతావాటికి. ఒప్పందంలో ఈ షరతు లేకపోతే సంతకం పెట్టకండి. తీవ్రమైన దాడి నడుస్తున్నప్పుడు ఆలస్యం కూడా ప్రమాదమేనని మాకు తెలుసు, కానీ ఎప్పుడు ఆలస్యం చేయాలో, ఎప్పుడు చేయకూడదో నిర్ణయించే హక్కు వాడేవాళ్లకు ఉండాలి.

3. ప్రాణాధారమైన చోట వేరే రకం స్టాండ్‌బై. పెద్దది అక్కర్లేదు. ఎమర్జెన్సీ వార్డులో రోగి బ్లడ్ గ్రూప్, అలర్జీలు, ఇస్తున్న మందులు చదవగలిగేలా, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, వేరే లాగిన్‌తో, రోజుకు కొన్నిసార్లు కాపీ అయ్యే ఒక చిన్న మెషీన్ చాలు. బ్యాంకులో ఖాతా నిల్వ చూసి పరిమితంగా నగదు ఇవ్వగలిగే దారి, కాల్ సెంటర్‌లో కాల్ ఎత్తి రాసుకోగలిగే దారి. రికవరీ కీల కాపీ కూడా అదే వ్యవస్థలో కాకుండా బయట, వీలైతే కాగితం మీద, తాళం వేసిన బీరువాలో. బ్యాకప్‌లలో కనీసం ఒకటి నెట్‌వర్క్‌కి తగలకుండా విడిగా ఉండాలి.

4. కాగితం డ్రిల్. ఏడాదికి ఒకసారైనా, ముందే చెప్పి, కొన్ని గంటలు కంప్యూటర్ లేకుండా నడిపి చూడండి. ఫైర్ డ్రిల్ చేస్తున్నాం కదా. కొత్తగా చేరిన నర్సులకు, క్లర్కులకు ఫారాలు ఎక్కడున్నాయో కూడా తెలియని పరిస్థితి వచ్చింది, అది వాళ్ల తప్పు కాదు, వాళ్లకెవరూ చూపించలేదు.

5. మన డేటా బయటికి వచ్చే దారి. ఓపెన్ ఫార్మాట్లలో పూర్తి డేటా ఇవ్వాలని ఒప్పందంలో రాయించడమే కాకుండా, ఏటా ఒకసారి నిజంగా తీయించి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూపించమని అడగండి. "ఎక్స్‌పోర్ట్ సదుపాయం కలదు" అన్న వాక్యం టెండర్ పత్రంలో ఎప్పుడూ ఉంటుంది. నొక్కి చూస్తే సగం కాలమ్‌లు ఖాళీగా వస్తాయి.

6. భద్రతకు సంబంధించిన లాగ్‌లు బేస్ ధరలోనే రావాలి. వేరే ప్లాన్ కొనమంటే ఒప్పుకోకండి. ఒక్కో సంస్థ విడిగా అడిగితే వినరు, కాబట్టి కొనేవాళ్లంతా కలిసి ఒకే షరతు పెట్టండి. అందరూ ఒకే వెండర్ దగ్గర ఉండటంలో మనకు పనికొచ్చే విషయం ఇదొక్కటే, దాన్నైనా వాడుకుందాం.

7. వైద్య పరికరాల్లాంటివి కొనేటప్పుడు, ఆ పరికరం పనిచేసినన్నాళ్లూ దానిలోని ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్యాచ్‌లు ఇస్తామని, భద్రతా ప్యాచ్ వేసినందుకు సపోర్ట్ ఆపబోమని కంపెనీ రాసివ్వాలి. పదిహేనేళ్లు వాడే స్కానర్‌తో ఐదేళ్లలో సపోర్ట్ ఆగిపోయే కంప్యూటర్ ఇస్తుంటే ఎందుకని అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, దాని మీద నడిచే పరికరాలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో ఈ వారమే లెక్క తెప్పించుకోండి.

8. టెండర్ మార్కుల్లో "ఇప్పటికే ఎక్కువ సంస్థల్లో వాడుకలో ఉంది" అన్నదానికి మార్కులిస్తున్నారు. దాని పక్కనే, ఇది ఆగితే మనతోపాటు ఇంకెవరెవరు ఆగుతారు, బయటపడటానికి ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు కావాలి అన్నదానికీ మార్కులు పెట్టండి. ధర తేడా అప్పుడు వేరుగా కనబడుతుంది.

ఈ ఎనిమిదిలో కొన్ని వెంటనే కుదరకపోవచ్చు. ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి, దాని మీద కూర్చుని మాట్లాడటానికి మాలాంటివాళ్లం సిద్ధంగా ఉన్నాం. మొదటిదీ, రెండోదీ, నాలుగోదీ పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగేవే, వాటికి వచ్చే బడ్జెట్ దాకా ఆగాల్సిన పనిలేదు. మీ వెండర్‌తో కాంట్రాక్టు రెన్యువల్ ఎప్పుడుందో చూసుకుని, ఆ తేదీకి ముందే రెండు, ఐదు, ఆరు, ఏడు నంబర్ల షరతులు చర్చకు పెట్టమని కోరుతున్నాను. సంతకం అయిపోయాక ఇంకొన్నేళ్లు మేమూ, మా కౌంటర్ల ముందు నిలబడే జనమూ దానికే కట్టుబడి ఉండాలి.

ఇట్లు,
ఒక ఆసుపత్రి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్